అయస్కాంతానికి అంటని ఇనుము

జమున బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి వాకిలి ఎర్రగా ఉంది. గడప మీద ఎరుపు, గోడ మీద ఎరుపు, తీగ మీద ఆరేసిన తెల్ల చున్నీ మీదా ఎరుపే. గేటు బయట పక్కింటి పూలమ్మ ఖాళీ బిందె పట్టుకుని గొంతు చించుకుంటోంది. ఆమె వెనక సగం బస్తీ పోగై ఉంది. పని ఉన్నవాళ్ళూ, లేనివాళ్ళూ, పొయ్యి మీద కూర వదిలేసి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చినవాళ్ళూ.

"తీస్కో! నీ రక్తం నువ్వే తాగు! నీళ్ళు పోసినట్టే పోసి నా ఇంట్ల పసిగుడ్డును మింగినవ్ గదనే!"

ఆ తిట్లన్నీ జమున అత్త సారవ్వకు. అరవై దాటిన మనిషి. ఎర్ర నీళ్ళు చీర కుచ్చెళ్ళ నుంచి కారుతుంటే కొంగు నోట్లో కుక్కుకుని గేటుకు ఇవతల నిలబడింది. ఒకప్పుడు బొగ్గుగని సమ్మె రోజుల్లో పోలీసు జీపుకు అడ్డం పడుకున్న సారవ్వ ఈమేనంటే ఎవరూ నమ్మరు. ఒక్క మాట ఎదురు చెప్పడం లేదు.

సంగతేమిటంటే, రోడ్డు కోసం తవ్వుతుంటే పెద్ద పైపు పగిలి బస్తీకి నల్లా నీళ్ళు బందయ్యాయి. ఎండలు చూస్తే నిప్పులు చెరుగుతున్నాయి. ఆ వరసలో బోరు ఉన్నది సారవ్వ ఇంట్లోనే. ఆమె ఎవరిచేతా అడిగించుకోలేదు. పొద్దున్నే మోటరు వేసి, పైపు తనే పట్టుకుని, వచ్చిన ప్రతి బిందెనూ తన చేత్తోనే నింపింది. "బోరు నీళ్ళు బిడ్డా, వాడుకోండ్రి. తాగెటందుకు మాత్రం క్యాన్ తెచ్చుకోండ్రి" అని పేరుపేరునా చెప్పింది. పూలమ్మ కోడలు హర్షిణికి ఏడో నెల. పిల్ల బరువు మోయకూడదని వాళ్ళ బిందె సారవ్వే మోసుకెళ్ళి వంటింట్లో దించి వచ్చింది. ఆ మర్నాడే హర్షిణికి నొప్పులొచ్చాయి. మంచిర్యాల దవాఖానకు తీసుకుపోయారు. బిడ్డ దక్కలేదు.

దవాఖాన నుంచి తిరిగొచ్చి పూలమ్మ ఆ బిందె మూత తీసింది. తెల్లగా వచ్చిన నీళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అడుగున ముద్దలా ఎరుపు, పైన నూనె తేలినట్టు ఒక పొర. అంతకుముందు వాటితోనే చాయ్ పెడితే అదీ నల్లగా సిరాలా మారిందట. కడుపుకోతతో ఉన్న ఇంట్లో అది చూసి ఏమనుకుంటారు? రక్తమనుకున్నారు. అంతవరకూ తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ బిందె తెచ్చి ఒక ముసలిదాని నెత్తిన కుమ్మరించడం ఉంది చూశారూ, అది వేరే.

గుంపులోంచి ఎవరో అన్నారు, "బాణామతి."

మెల్లగానే అన్నారు. అందరికీ వినపడింది. జమునకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాట ఒకసారి ఒక ఆడదాని మీద పడితే ఏమవుతుందో ఈ పక్క పుట్టి పెరిగినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొట్టిన కథలు, పండ్లు పీకిన కథలు, ఊరు దాటించిన కథలు వింటూనే పెరిగింది జమున.

"ఎవరన్నరు? మొఖం చూపించి అనుండ్రి! అన్న నోరు ఎక్కడ దాసుకున్నరు?" అంటూ గేటు ధడాలున తీసుకుని బయటికి వచ్చింది. "అది రక్తం గాదు, నీ తలకాయా గాదు పూలమ్మత్తా! ఇనుము! బోరు నీళ్ళల్ల కరిగిన ఇనుము ఉంటది. భూమి లోపల గాలి తగలదు గాబట్టి తెల్లగనే ఉంటది. బిందెల పోసి పెడితే గాలి తగిలి తుప్పు పడతది. తుప్పు ఎర్రగుండక పచ్చగుంటదా?"

తొమ్మిదో తరగతికి ఇదే పాఠం మొన్ననే చెప్పింది. అప్పుడు ఒక్కరూ ఎదురడగలేదు. ఇక్కడ అడిగారు.

"గా పైపు ప్లాస్టిక్‌ది గద టీచరమ్మా. ఇనుము యాడికెల్లి వచ్చింది?"

"చాయ్ నల్లగెందుకైంది మరి?"

"చాయ్‌పత్తల వగరుంటది. వగరుకు ఇనుము తగిల్తే నలుపే. మీ తాతల కాలంల కరక్కాయల అన్నభేది అనే ఇనుప ఉప్పు కలిపి సిరా చేసింది గిట్లనే!"

అప్పుడు పూలమ్మ కొడుకు భూపాల్ ముందుకు వచ్చాడు. లారీలు, డంపర్లు బాగుచేసే షెడ్డులో ఫిట్టర్ అతను. బిడ్డను తన చేతులతో మట్టి చేసి వచ్చినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు. కళ్ళు గుంటలు పడిపోయాయి.

"ఇనుమంటున్నవా అక్కా?"

"అవునన్నా. ఇనుమే."

"జర ఆగు."

ఇంట్లోకి వెళ్ళి గుప్పెడంత అయస్కాంతం తెచ్చాడు. షెడ్డులో నేల మీద రాలిన ఇనుప రజను ఏరడానికి వాడేది. బిందె అడుగున మిగిలిన ఎర్రటి ముద్దలో దాన్ని ముంచి గిరగిరా తిప్పాడు. బయటికి తీసి అందరికీ చూపించాడు. ఒక్క నలుసు కూడా అంటుకోలేదు. చొక్కాకు తుడిస్తే ఎర్రటి మరక పడింది.

"నేను పొద్దుమాపు ఇనుముల్నే పొర్లుత. అయస్కాంతానికి అంటకుంటే అది ఇనుము గాదు. ఇప్పుడు చెప్పు, ఇదేంది?"

"కరిగిన ఇనుము అంటుకోదన్నా. గీ తుప్పు గూడ అంటదు. అది వేరే..."

ఆ మాటలు జమునకే సాకుల్లా వినిపించాయి. గుంపులో ఎవరో నవ్వారు. "ఇందాక ఇనుమన్నది, ఇప్పుడు వేరే అంటున్నది" అన్నారింకెవరో. వెధవ అయస్కాంతం! అరచేతిలో పట్టే ముక్క జమున చదువునంతా బస్తీ నడిబజారులో గంగలో కలిపింది.

రాయమల్లు గొంతు సవరించుకున్నాడు. బొగ్గు బాయి పని నుంచి దిగిపోయి చాలా కాలమైనా బస్తీలో పెద్దమనిషి ఆయనే. పెళ్ళి మాటలకైనా, గోడ తగాదాకైనా ఆయన కుర్చీ పడాల్సిందే.

"లొల్లి వద్దు. ఆదివారం పొద్దుగాల కూసుందాం. గప్పటిదాక సారవ్వ ఎవలింటికీ పోవద్దు, ఎవలనూ ముట్టొద్దు. ఆదివారం తేలకుంటే కొన్ని దినాలు ఊరికి తోలుండ్రి. మంచిగుంటది."

కొన్ని దినాలట! అలా వెళ్ళిన మనిషి మళ్ళీ వచ్చేదుందా? వెళ్ళిపోయిందంటేనే చేసిందని ఒప్పుకున్నట్టు. రాయమల్లుకు అది తెలుసు, అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

జమున భర్త అంజి బాయి డ్యూటీ దిగి వచ్చి అంతా విన్నాడు. హెల్మెట్ మూలన పెట్టి, చాలాసేపు బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాడు.

"రాయమల్లు కాక చెప్పిందాంట్ల తప్పేమున్నదే? నాలుగు దినాలు అవ్వ మా పెద్దనాయినోళ్ళ ఊర్లె ఉండొస్తది. గీ లొల్లి సల్లారుతది."

"నీకు సిగ్గుందా?" అంది జమున. "నిన్ను కన్న తల్లిని మంత్రగత్తె అంటుంటే బూట్ల దారాలు చూస్కుంట కూసున్నవ్. బాయిల మీ దోస్తు మీద ఒక్క మాట పడితే పదిమంది మోపైతరు గదా. ఇంట్ల తల్లి మీద పడితే ఊరికి తోలుతవా?"

అంజి తల ఎత్తలేదు. కోపం రాలేదని కాదు, ఎవరి మీద చూపాలో తెలియలేదు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

రాయమల్లు, అంజి ఇద్దరినీ మించి జమునను మండించింది సారవ్వే. దీపం పెట్టే వేళకు పెరట్లోకి వెళ్తే ఆమె బోరు పక్కన నేల మీద కూర్చుని చేతులు చూసుకుంటోంది.

"లేవరాదు అత్తమ్మా. చీర గూడ మార్చుకోలే."

"ఏమో బిడ్డా" అంది సారవ్వ. "మీ మామ బాయిల సచ్చిపోయిన దినం టిఫిన్ గిన్నె గీ చేత్తోనే కట్టిచ్చిన. నా చిన్న చెల్లెకు జరమొస్తే గీ చేత్తోనే గంజి తాపిన, తెల్లారి లేదు. ఇప్పుడు గీ పోరిది. గింతమంది అంటున్నరంటే నా చేతులనే ఏమన్న ఉన్నదేమో. మనకు తెల్వకుంటనే ఉంటదట గదా."

జమునకు కళ్ళ నీళ్ళు రావాల్సింది. రాలేదు. పిచ్చి కోపం వచ్చింది. ఎదుటివాళ్ళు అనడం ఒక ఎత్తు, అన్న మాట ఈ మనిషి లోపలికి దిగిపోవడం ఇంకో ఎత్తు.

"నీ చేతులనా?" అని అరిచింది. "మామ మీద బండ పడ్డది. పైకప్పు కూలింది. దానికి నీ టిఫిన్ గిన్నె ఏం చేసింది? ఈ వరసల పుట్టిన పిల్లలకు సగం మందికి మొదటి తానం పోసింది ఎవలు? గా చేతులే గదా! వాళ్ళంత దున్నపోతుల్లెక్క తిరుగుతలేరా? గా భూపాల్‌కు పోయలేదా నువ్వు? గట్లనే ఒక్కసారన్న అనుకున్నవా, నా చెయ్యి మంచిదని?"

సారవ్వ లేచింది. లోపలికి పోతూ, దారిలో అడ్డంగా ఉన్న జమునను తగలకుండా గోడ వారగా జరిగి పోయింది. జమున అక్కడే నిలబడిపోయింది.

శనివారం సాయంత్రం జమున నేరుగా రాయమల్లు ఇంటికి పోయింది. పూలమ్మనూ అక్కడికే పిలిపించింది.

"అత్తా, మా బోరు దగ్గరికి నడువు. ఈసారి నీ చేత్తో నువ్వే పట్టుకో. బిందె నీదే, సీసా రాయమల్లు కాకది. మా అత్తమ్మ గడప లోపలనే ఉంటది, నేను మోటరు గూడ ముట్ట. ఒక సీసా నిండుగ, గాలి బుడగ లేకుంట పట్టి మూత బిగియ్యి. బిందె మాత్రం మూత లేకుంట తెరిచి పెట్టు. రెండూ కాక ఇంట్లనే ఉంటయ్. రేపటికి బిందెల నీళ్ళు తెల్లగనే ఉన్నయా, మా అత్తమ్మను నేనే బస్సెక్కిస్త."

పూలమ్మ ఒక పట్టాన ఒప్పుకోలేదు. చివరికి కొంగున నిమ్మకాయ కట్టుకుని, నోట్లో దేవుడి పేర్లు గొణుక్కుంటూ వచ్చి పట్టింది. సీసా మూత రాయమల్లే బిగించాడు.

ఆదివారం పొద్దున రాయమల్లు ఇంటి ముందు కుర్చీలు పడ్డాయి. సారవ్వకు కుర్చీ వేయలేదు. ఒక మూల అరుగు చివర కూర్చుంది. అంజి మాత్రం వచ్చి తల్లి పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఆ ఒక్కటీ నయం.

రాయమల్లు బిందె బయటికి తెచ్చాడు. ఎర్రగా ఉంది. గాలి తగలని సీసా తెచ్చాడు. అద్దంలా తెల్లగా ఉంది. గుంపులో గుసగుసలు మొదలయ్యాయి.

"చూసినవా అత్తా? నీ చేత్తో పట్టిన నీళ్ళే. మరి నువ్వు గూడ మంత్రాలు చేస్తున్నవా?" అంది జమున. ఆ ఎత్తిపొడుపు అక్కర్లేదు. కానీ ఇన్ని రోజులుగా పళ్ళబిగువున ఆపుకున్న నోరు అది.

"బోరే గట్లున్నది" అంది పూలమ్మ. "మోటరు కాడ ఏం పాతిపెట్టిందో."

"భూపాలన్నా, నిన్న తెమ్మన్న రజను తెచ్చినవా?"

భూపాల్ జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అతని షెడ్డు రజనే, అతని అయస్కాంతమే. చిటికెడు రజను మీద అయస్కాంతం పెడితే టక్కున పైకి లేచి ముళ్ళు ముళ్ళుగా అంటుకుంది. జమున బడి లాబ్ నుంచి తెచ్చిన పలుచని యాసిడ్‌ను గాజు గ్లాసులో పోసింది.

"చిటికెడే ఎయ్యి. నువ్వే ఎయ్యి."

వేశాడు. బుసబుసమని నురగ వచ్చింది. ముసలివాళ్ళు వెనక్కి జరిగారు, పిల్లలు ముందుకు జరిగారు. రజను కరుగుతూ కరుగుతూ పోయి చివరికి నీళ్ళు మాత్రమే మిగిలాయి, లేత పచ్చటి ఛాయతో.

"ఇప్పుడు నీ అయస్కాంతం ముంచు."

భూపాల్ ముంచాడు. తిప్పాడు. తీశాడు. ఒక్క నలుసూ లేదు. మళ్ళీ ముంచాడు. మొహంలో రంగు మారింది.

"ఇనుము యాడికి పోయిందన్నా? నీ చేత్తోనే ఏస్తివి గదా. నేను మింగిన్నా?"

జమున గ్లాసులో బట్టల సోడా కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా పోసింది. మళ్ళీ పొంగింది. పొంగు తగ్గాక లోపలంతా మురికి పచ్చగా విరిగింది. దాన్ని తెల్ల పళ్ళెంలో పలుచగా పరిచి ఎండలో పెట్టింది. అందరూ వంగి చూస్తుండగానే అంచుల నుంచి ఎరుపు పాకడం మొదలైంది. కాసేపటికి బిందె అడుగున ఉన్న ముద్దకూ దీనికీ తేడా తెలియలేదు.

"గిదే" అన్నాడు భూపాల్ తల్లి వైపు తిరిగి. "అవ్వా, గిది ఇనుమే."

గుంపు ఒక్కసారిగా వదులైంది. "అనుకున్న నేను", "బోర్లల్ల గిట్లనే ఉంటది మరి", "మా తమ్ముని ఇంట్ల గూడ గిట్లనే"! నిన్నటిదాకా ఈ తెలివంతా ఎక్కడ దాచుకున్నారో దేవుడికే తెలియాలి. కానీ పూలమ్మ మాత్రం లేచి నిలబడింది. ఆమె ఏడుస్తోంది, అది నిజమైన ఏడుపే.

"సరే, నీళ్ళల్ల ఇనుమే ఉన్నది. మరి నా మనుమడు ఎట్ల పోయిండు? గది చెప్పు. నీ గ్లాసుల, నీ సీసల గది చూపించు!"

జమున ఎండలో పెట్టిన పళ్ళెం ఆమె కళ్ళ ముందు నుంచి పక్కకు జరిపింది.

"జమునక్కా."

గొంతు గుంపు వెనక నుంచి వచ్చింది. హర్షిణి. మనిషి పాలిపోయి సున్నం గోడలా ఉంది. పెదవుల్లో కూడా రంగు లేదు. గోడ పట్టుకుని నిలబడింది. వద్దన్నా వచ్చినట్టుంది.

"రక్తంల ఉండేది గూడ గిదేనా?"

"ఏది చెల్లె?"

"ఇనుము."

"అవును. అది ఉంటేనే రక్తానికి ఎరుపు. గది తక్కువైతే రక్తం తక్కువైతది."

హర్షిణి ఆయాసం తీర్చుకుంది.

"డాక్టరమ్మ నన్ను మస్తు తిట్టింది. రక్తం ఆరు పాయింట్లే ఉన్నది, గోలీలు మింగినవా లేదా అని. మింగిన అని అబద్ధం చెప్పిన. పక్కన అత్తమ్మ ఉన్నది, బుగులైంది." భర్త వైపు తిరిగింది. "నువ్వు తెచ్చిన ఐరన్ గోలీలు నేను ఒక్కటి గూడ మింగలే. నల్ల గోలీలు మింగితే పోరడు నల్లగ పుడతడని అత్తమ్మ మురికి మోరిల పారేసింది. ప్రతి నెల పారేసింది. పోరడు గందుకే పోయిండని డాక్టరమ్మ అనలే. నేను గూడ అంటలేను. కానీ సారవ్వ పెద్దమ్మ నాకు నీళ్ళు మోసింది. గంతే చేసింది."

భూపాల్ చేతిలో అయస్కాంతం అలాగే ఉంది.

"అవ్వా" అన్నాడు. "నిజమేనా?"

పూలమ్మ కొంగు ముడి విప్పుతూ, కడుతూ నిలబడింది. "అందరు గట్లనే అంటరు బిడ్డా. నా కడుపున నువ్వు నల్లగ పుడితే మీ నాయినమ్మ నన్ను ఎన్ని అన్నదో నీకేం తెలుసు? పోరడు ఎర్రగ బుర్రగ పుట్టాలనే గద నేను..."

రాయమల్లు టక్కున కుర్చీలోంచి లేచాడు. కండువా దులుపుకున్నాడు.

"సరే సరే. సారవ్వ తప్పు లేదని తేలింది. అయిపోయింది. మిగిలింది వాళ్ళింటి ముచ్చట. అత్తాకోడండ్లు, ఇంట్ల చూస్కుంటరు. లేవుండ్రి, ఎండ మోపైతున్నది."

జనం లేవడానికి సిద్ధమయ్యారు. ఎన్నాళ్ళుగానో లోపల ఉన్నదంతా జమున నోటికి వచ్చేసింది.

"ఇంటి ముచ్చటనా? ఒక ముసలామెను ఊరు దాటియ్యాలంటే బస్తీ ముచ్చట, కుర్చీలేసుకుని కూసుంటరు. కడుపుతోని ఉన్న పిల్ల నోటికాడి మందు మోరిల పోస్తే అది ఇంటి ముచ్చటనా? రేపు ఇంకో ఇంట్ల ఇంకో పిల్లకు గిట్లనే అయితే మళ్ళ ఎవల బోరు ఎతుకుతరు? ఎవల అత్తను పట్టుకొస్తరు? చెప్పు కాకా!"

"నువ్వు ఊకో బిడ్డా. చదువుకున్నదానివి, గట్ల నోరు పారేసుకోవద్దు" అంటూ రాయమల్లు మెట్టు దిగబోయాడు.

దిగలేకపోయాడు. ఎదురుగా సారవ్వ నిలబడి ఉంది. అరుగు చివర నుంచి ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. కొంగు నడుముకు చుట్టి బిగించి ఉంది.

"కూసో రాయమల్లు" అంది.

"ఏంది సారవ్వా..."

"నా ముచ్చటకు కూసున్నవ్ గదా. దీనికి గూడ కూసో." గుంపు వైపు తిరిగింది. "మీరు గూడ. ఎవలూ లేవద్దు." తర్వాత పూలమ్మ మొహంలోకి చూసి, కోపమంతా గొంతులోకి తెచ్చుకుని అంది, "పూలమ్మా, నీ కోడలుకు కుర్చీ ఎయ్యి. నిలబడలేకపోతున్నది, కనిపిస్తలేదా?"

పూలమ్మ కుర్చీ తెచ్చి వేసింది. హర్షిణి కూర్చుంది. రాయమల్లు అటూ ఇటూ చూసి తను కూడా కూర్చున్నాడు.